ఐసీయూలో ఇంటి మాట

శ్రోతలందరికీ నమస్కారం.

ఒడిశాలోని బరంపురంలో ఏ పెద్దాసుపత్రి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నా రెండు భాషలు చెవిన పడతాయి. లోపల సిస్టర్లది ఒడియా. బయట చుట్టాలది చాలామందిది తెలుగు. పర్లాకిమిడి నుంచి, కాశీనగరం నుంచి, గుణుపురం నుంచి వచ్చినవాళ్ళు. తిరిగే మనిషికి ఇదేం ఇబ్బంది కాదు. బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు, బస్సులో రెండూ కలిపి. కానీ మంచం మీద స్పృహ లేకుండా పడుకున్న మనిషితో ఏ భాషలో మాట్లాడుతున్నారు, ఏ పేరుతో పిలుస్తున్నారు అన్నది చిన్న విషయం కాదు. ఈ పూట దాని గురించే.

ఒక పెద్దావిడ అనుకుందాం. కాశీనగరం పక్క పల్లె, అరవై ఏళ్ళు. కొడుకు బండి వెనకాల ఒక పక్కకి కూర్చుని వస్తూ స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి పడింది. తలకి దెబ్బ. ఆపరేషన్ అయింది, మత్తుమందు ఆపి నాలుగు రోజులైంది, కళ్ళు తెరవడం లేదు. పొద్దున్న సిస్టర్ వంగి, "మావుసీ, ఆఖి ఖొలొ" అంటుంది, అంటే "పిన్నీ, కళ్ళు తెరు" అని. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అసలు పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి మావుసీ అని పిలిచినవాళ్ళు లేరు. తమ్ముళ్ళకి ఆవిడ అప్ప, అంటే అక్క. ఊరందరికీ అప్పే. అక్కని ఒడియావాళ్ళూ అపా అంటారు కదా, ఆ ఒక్క ముక్క సిస్టర్ చెవిన వేసి ఉంటే బాగుండేది.

దీనివల్ల పోయేదేమిటో లెక్కలో చెబుతాను. స్పృహని కొలిచే గ్లాస్గో స్కేలు 1974లో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేశారు. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 వస్తుంది. 8, అంతకు లోపల ఉంటే కోమా అంటారు. కదలికలో చెప్పింది చేస్తే 6. నొప్పి పెట్టినచోటికి చెయ్యి తెచ్చుకుంటే 5. మరి చెప్పింది అర్థమే కాని భాషలో చెబితే ఆ ఆరు ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకని మొదటి పని ఇది. పేషెంటుకి వచ్చిన భాష ఏది, ఇంట్లో ఏమని పిలుస్తారు, చెవుడుందా, కళ్ళజోడుందా, ఎడంచేతివాటమా, ఈ అయిదూ ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి, సిస్టర్ని అడిగి మంచం తలవైపు పెట్టించండి. "ఆఖి ఖొలొ"కి తెలుగు "కళ్ళు తెరు", "హాతొ ఉఠాఅ"కి తెలుగు "చెయ్యెత్తు" అని కింద ఒడియా లిపిలో రాసి పెడితే సిస్టర్లే చదివి చెబుతారు.

ఇక ఇంద్రియాల్ని తట్టిలేపడం సంగతి. మెదడు కాండంలో మనల్ని మెలకువగా ఉంచే నాడుల అల్లిక ఒకటుంది. చూపు, శబ్దం, స్పర్శ, అన్నీ దాన్ని తాకుతాయి. పద్ధతిగా తాకిస్తే మెలకువకి సాయపడుతుందేమోనన్నది ఆలోచన. సాయపడుతుందా? వైద్య పరీక్షల ఫలితాల్ని ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ అనే సంస్థ సమీక్ష 2002లో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ చూసి, పనిచేస్తుందనడానికీ చెయ్యదనడానికీ నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. కాబట్టి ఇది మందు కాదు. దీనికోసం పొలం తాకట్టు పెట్టి ప్యాకేజీలు కొనక్కరలేదని నా అభిప్రాయం. చెయ్యదగ్గదంతా ఇంట్లోవాళ్ళు ఖర్చు లేకుండా చేసేదే.

అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇంటివాళ్ళ గొంతు. 2015లో అమెరికాలో థెరెసా పేప్ బృందం పదిహేనుమంది మీద ఒక పరీక్ష చేసింది. తలకి దెబ్బ తగిలి స్పృహ సరిగా రానివాళ్ళు. కొందరికి ఇంటివాళ్ళ గొంతుతో రికార్డు చేసిన కబుర్లు హెడ్‌ఫోన్లలో వినిపించారు. మిగతావాళ్ళకి హెడ్‌ఫోన్లు పెట్టారు గానీ అందులో ఏ శబ్దమూ లేదు. రోజుకి నాలుగుసార్లు, ఆరు వారాలు. ఆ కబుర్లు కూడా ఏవో కథలు కావు. పేషెంటూ ఇంటివాళ్ళూ కలిసి అనుభవించినవి. కబుర్లు విన్నవాళ్ళ మెదడులో భాషకి సంబంధించిన చోట్ల చలనం పెరిగినట్టు స్కానుల్లో కనిపించింది. పదిహేనుమందే కదా అంటారు, నిజమే. కానీ ఐసీయూలో మనవాళ్ళని పూటకి పది నిమిషాలే లోపలికి పంపిస్తారు. ఫోనులోని గొంతు అయితే లోపలే ఉంటుంది. ఆ సుఖం ఉంది ఇందులో.

మన అప్పకి ఎలా చెయ్యాలో చూద్దాం. తమ్ముడు రికార్డు చెయ్యాలి. ఫ్యాను ఆపి, తలుపు వేసి. అయిదు నిమిషాలు చాలు, పది దాటొద్దు. మొదటి మాట పిలుపు. "అప్పా." తర్వాత మూడు సెకన్లు ఆగాలి. "అప్పా, నేను చిన్నోణ్ణి. నువ్వు బరంపురం ఆస్పత్రిలో ఉన్నావు. తలకి దెబ్బ తగిలింది, బాగు చేస్తన్నారు." ఆ తర్వాత ఒక్క సంగతి. ఒక్కటే. గుణుపురం చిన్న రైలెక్కి నౌపడా వెళ్ళినరోజు, అప్ప కొంగున కట్టుకున్న డబ్బులు ఎక్కడో జారిపోతే టిక్కెట్టుకి ఏం చేశారో, అది. పొట్టి వాక్యాలు. మధ్యమధ్యలో పేరు. పుస్తకాల తెలుగు వద్దు, ఇంట్లో ఎలా అంటారో అలాగే. "ఏటప్పా, ఇనబడతందా" అనేదే ఆవిడ చెవికి తెలిసిన తెలుగు. ఏడుపు వస్తే రికార్డు ఆపి, మొహం కడుక్కుని, మళ్ళీ మొదటినుంచి. "నువ్వు లేకపోతే మేమేమైపోవాలి" లాంటివి వద్దు.

వినిపించేటప్పుడు ఫోను ఫ్లైట్ మోడులో పెట్టండి, మధ్యలో రింగు మోగితే మొదటికే మోసం. స్పిరిటు దూదితో తుడిచి సిస్టర్ చేతికివ్వండి. పక్కన కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడినంత సౌండు. రెండుసార్లకి మధ్య కనీసం రెండు గంటలు. రాత్రి వద్దు, నిద్ర మెదడుకి కావాలి. అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు ఇక్కడే జరుగుతుంది. భక్తిపాటలో, సుప్రభాతమో పెట్టి ఇరవైనాలుగు గంటలూ వదిలేస్తారు. ఆగకుండా మోగేదాన్ని మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. మెషీన్ల బీప్ బీప్ లాగే అదీ ఒకటైపోతుంది. శబ్దం ఎంత ముఖ్యమో, దాని తర్వాత నిశ్శబ్దం అంత ముఖ్యం.

లోపలికి వెళ్ళినప్పుడు కూడా అంతే. ఒకసారికి ఒక ఇంద్రియం. చెయ్యి పట్టుకుని, పాట పెట్టి, నలుగురూ నాలుగు వైపులనుంచి పిలిస్తే దేనికి కదిలిందో ఎవరికీ తెలియదు. ముందు ఒక నిమిషం ఊరికే నిలబడి చూడండి. ఏమీ చెయ్యకపోయినా వేళ్ళు కదులుతున్నాయా? ఊపిరి ఎలా ఉంది? తర్వాత పిలవండి. తర్వాత ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. దెబ్బ తిన్న మెదడు జవాబివ్వడానికి టైము తీసుకుంటుంది, మనం ఆ లోపలే నాలుగోసారి పిలిచేస్తాం. పిలవండి, ఆగండి. ఇంకోసారి చెబుతున్నా, ఆగండి.

"నా చెయ్యి నొక్కు" అని అడగొద్దు. అరచేతిలో వేలు పెడితే చంటిపిల్లలు పట్టుకున్నట్టు దానంతటదే పట్టుకునే రిఫ్లెక్సు ఉంటుంది. దాన్ని చూసి ఇల్లంతా సంబరపడి, మర్నాడు కుంగిపోతారు. "బొటనవేలు పైకెత్తు" అనండి, "పైకి చూడు" అనండి. పది సెకన్లకొకసారి, నాలుగుసార్లు. నాలుగింట మూడుసార్లు చేస్తే అది కాకతాళీయం కాదు. ఎడమ మెదడుకి దెబ్బ తగిలితే మాట అర్థంకాక చెయ్యకపోవచ్చు, అది స్పృహ లేకపోవడం కాదు. కళ్ళు తెరిచి ఉంటే చిన్న అద్దం ఒక అడుగు దూరంలో పెట్టి నెమ్మదిగా కుడికీ ఎడమకీ జరపండి. తన మొహం వెంట కళ్ళు వెళ్ళడం మిగతా వస్తువులకంటే ముందు కనిపిస్తుంది.

వాసనకి కాఫీపొడి, కొబ్బరినూనె, ఆవిడ వంటింట్లో రోజూ ఉండే మెంతిపోపు, ఏదైనా సరే. ముక్కుకి తగలకుండా రెండు వేళ్ళ దూరం, పది సెకన్లు. తలనొప్పి బాముల్లాంటి ఘాటైనవి వద్దు. అవి కదిలించేది వాసన నరాన్ని కాదు, మంట నరాన్ని. గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టినవాళ్ళకి గాలి ముక్కులోంచి సరిగా వెళ్ళదు కాబట్టి వాసన పెద్దగా అందదు. ముక్కులోంచి నీళ్ళలాగ కారుతుంటే ముక్కు జోలికి పోకుండా వెంటనే డాక్టరుకి చెప్పండి, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు.

రుచి మాత్రం ఇంటివాళ్ళ చేతుల్లో వద్దే వద్దు. తీర్థం, కొబ్బరినీళ్ళు, తేనె, చెంచాడే కదా అంటారు. మింగడం రాని మనిషికి ఆ చెంచాడు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. తీర్థం నుదుటికి రాయండి, నోట్లో పొయ్యొద్దు. ఆక్సిజన్ నడుస్తున్న మంచం దగ్గర కర్పూరం, అగరొత్తి వెలిగించొద్దు, అంటుకుంటే పట్టలేం.

డాక్టరు ఒప్పుకోకుండా ఇవేవీ మొదలుపెట్టకూడదు. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు, ఫిట్స్ వస్తున్నప్పుడు, బీపీ నిలకడగా లేనప్పుడు కదిలించకుండా వదిలెయ్యడమే వైద్యం. కఫం లాగిన వెంటనే, ఒళ్ళు తుడిచిన వెంటనే కూడా వద్దు, మనిషి అలిసిపోయి ఉంటుంది. మొత్తం పదిహేను నిమిషాలు దాటొద్దు. మధ్యలో చెమటలు పట్టినా, పళ్ళు కొరికినా, కాళ్ళూ చేతులూ బిగుసుకున్నా, గుండె ఉన్నట్టుండి పరుగెత్తినా ఆపి సిస్టర్ని పిలవండి. అది "వింటున్నాది" అనే గుర్తు కానక్కరలేదు, భరించలేకపోతున్నాదన్న గుర్తు కావచ్చు.

ఇక ఒక పది రూపాయల నోటుపుస్తకం కొనండి. తేదీ, టైము, చేసినవాళ్ళెవరు, ఏం చేశారు, ఎన్ని సెకన్లకి ఏం జరిగింది, ఎన్నిసార్లలో ఎన్నిసార్లు. "అమ్మ గుర్తుపట్టింది" అని రాస్తే డాక్టరుకి ఉపయోగం లేదు. "సాయంత్రం 5:10, తమ్ముడు, తెలుగులో 'పైకి చూడు', నాలుగుసార్లలో రెండుసార్లు, ఆరు సెకన్లకి చూసింది" అని రాయండి. ఏమీ జరగని రోజు కూడా "ఏమీ లేదు" అని రాయాలి. పొద్దున్న రౌండ్లకి వచ్చినప్పుడు చివరి మూడు రోజుల పేజీలు తెరిచి చూపించండి. ఒడియాలో అడిగితే రానిది తెలుగులో అడిగితే వచ్చిందని అందులో ఉంటే, మీ ఎదుట, తెలుగులో, ఇంకొక్కసారి అడిగి చూడమనండి.