ఒకే మాట, రెండు గణాలు

అందరికీ నమస్కారం. పాలమూరులో నిలబడి ఛందస్సు గురించి మాట్లాడాలంటే కొంచెం టెన్షనే. పద్యనియమాలు చెప్పే లక్షణ గ్రంథం రాసిన అప్పకవి ఇంటిపేరు కాకునూరి. కాకునూరు 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మన పాలమూరు జిల్లాదే. అందుకే పెద్ద కావ్యాల జోలికి పోకుండా, మీ అందరికీ నోటికి వచ్చిన వేమన పద్యమే తీసుకుంటున్నాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఇది ఆటవెలది అనే పద్యం. పాదాన్ని గణాలుగా, అంటే చిన్న చిన్న అక్షరాల గుంపులుగా విడగొడతాం. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పొట్టి అక్షరం పలికేంత సేపు ఒక మాత్ర, గురువుకు రెండు. సూర్యగణం మూడు మాత్రలు, ఇంద్రగణం నాలుగో ఐదో. పాదాలన్నింటా రెండో అక్షరం కలవాలన్న ప్రాస నియమం లేదు. నాలుగో గణం మొదట యతి పడాలి, అంటే పాదం మొదటి అక్షరానికి సరిపోయే అక్షరం రావాలి. లేదంటే ఆ రెండు గణాల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి. రెండో పాదంలో ‘చూడ–జాడ’ అదే.

నంది వడ్డెమాను ప్రాంతపు గోన బుద్ధారెడ్డి పేర ఉన్న రామాయణం రెండేసి పాదాలుగా సాగే ద్విపద. అది ఎంత దూరమైనా పోతుంది, కథకు అదే కావాలి. ఆటవెలదికి ఆ వీలు లేదు. నాలుగో పాదం మకుటానికి పోతే చెప్పదలచింది మూడు పాదాల్లో తేలిపోవాలి. అందులో మాటను రెండుసార్లు వాడటమంటే దుబారా కాదా? వేమన మూడుసార్లు ఆ పని చేశాడు.

‘చూడ చూడ’ సంగతి తేలికే: ఒక్క చూపుకు తేడా తెలియదు, మళ్లీ మళ్లీ చూడాలి. నాకు ఆసక్తి మిగతా రెండు మాటల మీద. మూడో పాదానికి గణాలు వేయండి: పురుషు–లందు–పుణ్య–పురుషులు–వేరయా. మొదటిసారి ‘పురుషులు’ అన్న మాట గణాల మధ్య విరిగింది. ‘లు’ పక్క గణంలోకి జారింది. రెండోసారి అదే మాట ఒక ఇంద్రగణంలో చెక్కుచెదరకుండా నిలబడింది. ‘వేరు’ కూడా అంతే. రెండో పాదం చివర మూడు మాత్రల సూర్యగణం, మూడో పాదం చివర ‘వేరయా’గా ఐదు మాత్రల ఇంద్రగణం. ఉప్పూ కప్పురంలాగే చూపుకు ఒకటే మాట, నడకలో వేరు.

వేమన ఇదంతా లెక్కగట్టి రాశాడని నేననను. అలా అనేవాళ్లను నమ్మను కూడా. చెవి తిరిగినవాడికి గణం దానంతటదే కుదురుతుంది. కాని బళ్లో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పించేటప్పుడు మనకు పోయేది సరిగ్గా ఇదే.

ఇక మకుటం. పద్యం తర్వాత పద్యం అదే పాదం వింటాం కాబట్టి దాటేస్తాం. ‘వినుర వేమ’ అంటున్నది ఎవరితో? తన పేరే పెట్టి పిలుచుకుంటున్నాడు. అందుకే ఇది ఊరికి చెప్పిన నీతి కన్నా తనలో తాను అనుకున్న మాటలా నాకు వినిపిస్తుంది.

నా మాట నమ్మకపోతే ‘వేరయా’ తీసి ‘వేరు’ పెట్టి చదవండి. అర్థం ఏమీ చెడదు, పాదం రెండు మాత్రలు కుంటుతుంది. చాక్‌పీసు ఇక్కడే ఉంది, ఎవరైనా వచ్చి బోర్డు మీద ఇంకో పద్యానికి గణాలు వేయండి.