నోటిమాట నోటీసు కాదు

నమస్కారం. ఇంటి ఓనరు “ఖాళీ చేయండి” అని నోటితో అంటే అది నోటీసు అవుతుందా? కాదు. నోటీసంటే కాగితం. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఈ ఒక్క మాటే.

మా వీధిలో జరిగింది చెబుతాను. మేడ మీద ఓనరు పెద్దాయన. కింది పోర్షన్‌లో ఆరేళ్లుగా ఒక టైలర్ కుటుంబం. పెద్దాయన కొడుకు భార్యాపిల్లలతో ఊరికి తిరిగొస్తున్నాడు, ఇల్లు కావాలి. గేటు దగ్గర కనిపించినప్పుడల్లా “ఇంకో ఇల్లు చూసుకో నాయనా” అనేవారు. ఎప్పటికల్లా అన్నది మాత్రం చెప్పలేదు. “అలాగే బాబాయిగారూ” అనేవాడు టైలర్. మూడు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే కింది కొళాయిల్లో నీళ్లు రాలేదు. పెద్దాయన వాల్వు కట్టేశారు. ఆ ఇల్లాలు ఖాళీ బిందెతో మా గుమ్మంలో నిలబడింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

సాయంత్రం మేడెక్కాను. “ఎన్నిసార్లు చెప్పానో తెలుసా?” అన్నారాయన. “చెప్పారండీ, రాసివ్వలేదు” అన్నాను.

నోటీసు రాసే ఇవ్వాలన్నది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్. అగ్రిమెంట్‌లో వేరే గడువు రాసుకుంటే దాని ప్రకారమే. ఏమీ రాసుకోకపోతే, నెలనెలా అద్దె కట్టే ఇంటికి 15 రోజులు. ఆ 15 రోజులు లెక్కేసేది కాగితం రాసిన రోజు నుంచి కాదు, అందిన రోజు నుంచి. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తామన్నా ఇదే పద్ధతి. గడువు దాటినా కదలకపోతే కోర్టుకి వెళ్లాలి. రెంట్ కంట్రోల్ చట్టం, అంటే అద్దె ఇళ్ల మీద రాష్ట్రం చేసిన చట్టం, కిందికి వచ్చే ఇళ్లకయితే అక్కడ సొంత అవసరం లాంటి కారణం కూడా చూపాలి. అంతేగానీ నీళ్లు ఆపడం, తాళం వేయడం తప్పు. చాలా తప్పు.

ఆ సాయంత్రమే తెల్లకాగితం తీసుకున్నాం. తేదీ, డోర్ నంబరు, ఇద్దరి పేర్లు, ఫలానా తేదీకల్లా ఖాళీ చేయాలన్న మాట, కింద సంతకం. అంతే. పిల్లల పరీక్షలున్నాయంటే పెద్దాయనే నెలన్నర గడువిచ్చారు. రెండు కాపీలు రాశాం. దయచేసి మీరూ రెండు రాయండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద “అందింది” అని తేదీతో సంతకం తీసుకోండి. వాళ్లు కాగితం తీసుకోకపోతే పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

టైలర్ కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆ రాత్రే పెద్దాయన వాల్వు తిప్పారు.