ఆ రాతి మీద వ్యోమగాములు లేరు, మగ్గం ఉంది

నమస్తే అండీ. ఈ బొమ్మ వాట్సాప్‌లోనో రీల్స్‌లోనో మీరు చూసే ఉంటారు. ఒక రాయి మీద ఇద్దరు మనుషులు చేతుల్లో ఏవో పట్టుకుని నిలబడ్డారు, తల చుట్టూ ఒక గుండ్రటి గీత, దాని నుంచి కిరణాల్లాగా చిన్న చిన్న గీతలు, కింద "వేల ఏళ్ల నాటి వ్యోమగాములు" అని రాసి పంపుతుంటారు. బొమ్మ నిజమే, ఇటలీలో ఉంది. వ్యోమగాములన్న మాటే నిజం కాదు. నా బాధ ఏంటంటే, ఈ ఒక్క బొమ్మనే అందరూ ఊరేగించడంతో అదే లోయలో ఉన్న 1,40,000 పైచిలుకు బొమ్మలు ఎవరి కంటా పడట్లేదు.

ఆ లోయ పేరు వాల్ కామోనికా. ఆల్ప్స్‌లో, మిలాన్‌కి ఈశాన్యంగా ఉంటుంది, మధ్యలో ఓల్యో నది. మంచు యుగంలో లోయ నిండా హిమానీనదం ఉండేది. అది జారుతూ జారుతూ ఇక్కడి ఇసుకరాతిని సానబట్టినట్టు నున్నగా చేసింది, అది కరిగిపోయాక బూడిదా ఊదా కలిసిన రంగులో పెద్ద పెద్ద పలకలు మిగిలాయి. వాటి మీద మనుషులు వేల ఏళ్ల పాటు, తరం తర్వాత తరం, బొమ్మలు వేస్తూనే వచ్చారు. అక్కడి ఊళ్లవాళ్లు వీటిని "పిటోటి" అంటారు, అంటే చిన్న బొమ్మలు అని.

బొమ్మలు చెక్కారు అనగానే ఉలితో లోతుగా తొలిచారు అనుకోకండి. ఎక్కువ బొమ్మలు గట్టి రాతిముక్కతో పొడిచి పొడిచి చేసినవి. మన ఊళ్లలో రోళ్లకీ తిరగళ్లకీ గాట్లు పెట్టేవాళ్లని చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడి జింక బొమ్మ ఫొటో ఒకటి తీసి జూమ్ చేసి చూడండి. దూరం నుంచి నిండుగా కనిపించిన పొట్ట, దగ్గరికి వెళ్తే మెంతి గింజంత గుంటల గుంపు. ఒక్కో గుంట ఒక్కో దెబ్బ. కొమ్ముల దగ్గర గుంటలు వరసలో, పక్కపక్కనే పడ్డాయి, అంటే అక్కడ చెయ్యి జాగ్రత్తగా కదిలింది.

సరే, ఆ ఇద్దరు మనుషుల సంగతి. లోయలో ఎక్కువ బొమ్మలు ఇనుప యుగానివి, అంటే క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దివి. వాటిలో కత్తీ డాలూ పట్టుకుని, తలకి ఏదో అలంకారం పెట్టుకున్న యోధులు లెక్కలేనంత మంది ఉన్నారు. ఈ ఇద్దరినీ వాళ్ల పక్కన పెట్టి చూడాలి. అందుకే పరిశోధకులు వీళ్లని యోధులనో, నాట్యం చేసేవాళ్లనో, దేవతలనో అంటున్నారు. ఒక్క బొమ్మని కత్తిరించి పంపితే పక్కవాళ్లు ఉండరు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అనేస్తారు.

మరి కాలం ఎలా తెలిసింది అంటారా? బొమ్మల్లోని ఆయుధాలే చెప్పాయి. చెమ్మో అనే చోట రెండు పెద్ద బండలున్నాయి. గ్వాల్తియెరో లాయెంగ్ అనే ఆయన 1909లో వాటి గురించి బయటి ప్రపంచానికి చెప్పారు. వాటి మీద త్రికోణం ఆకారంలో బాకులు ఉన్నాయి. సరిగ్గా అలాంటి అసలు బాకులే దక్షిణాన పో నది మైదానంలో, రెమెదెల్లో అనే ఊళ్లో, రాగి యుగపు సమాధుల్లో దొరికాయి. సమాధి కాలం తెలిస్తే బాకు కాలం తెలిసినట్టే, బాకు కాలం తెలిస్తే బొమ్మది కూడా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కాపో ది పోంటే ఊరి పక్కన నక్వానే అనే పార్కు ఉంది, 1955లో పెట్టారు. అందులో ఒకటో నంబరు రాయి మీద దాదాపు 1,000 బొమ్మలు. జింకలు, మనుషులు, గుండ్రంగా తిరిగే ఒక చిక్కుదారి, వాటి మధ్య మగ్గాలు. రెండు నిలువు గుంజలు, పైన ఒక అడ్డ కర్ర, దాని నుంచి కిందకి వేలాడే పడుగు దారాలు, దారాల చివర బిగువు కోసం కట్టిన బరువులు. మన గుంట మగ్గం మీద పడుగు అడ్డంగా సాగి ఉంటుంది, ఇది గోడకి ఆనించి పెట్టే నిలువు మగ్గం. బరువు లేకపోతే పడుగు బిగవదని తెలిసినవాళ్లే ఈ బొమ్మ వేయగలరు. వేసిన మనిషి నేతగాడో, నేతగత్తెనో, లేక రోజూ మగ్గం పక్కన కూర్చుని చూసిన పిల్లో! ఆ గుడ్డ ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, మగ్గం మాత్రం రాయి మీద నిలిచింది. నాకైతే వ్యోమగామి కథ కంటే ఇదే ఒళ్లు పులకరించే సంగతి.

బెదొలీనా అనే చోట ఇంకో బండ ఉంది. చతురస్రాలు, వాటిలో చుక్కలు, మధ్యలో మెలికలు తిరిగే గీతలు, చూడగానే పొలాలూ గట్లూ దారులూ ఉన్న గ్రామ నక్షలా ఉంటుంది. అదే బండ మీదున్న ఇళ్ల బొమ్మలు తర్వాతి కాలంలో వేసినవి. అది నిజంగా కింద కనిపించే పొలాల కొలతా, లేక వేరే అర్థం ఉన్న బొమ్మా అన్నది ఇంకా తేలలేదు.

ఇనుప యుగంలో ఈ లోయలో ఉన్న జనం పేరు కామున్నీలు. క్రీస్తుపూర్వం 16లో రోమన్లు వీళ్లని జయించారు, ఓడించిన ఆల్ప్స్ తెగల జాబితాలో వీళ్ల పేరు కూడా చెక్కించుకున్నారు. కామున్నీలు తమ లిపిలో రాసుకున్న మాటలు కూడా ఈ రాళ్ల మీద ఉన్నాయి. వాళ్ల భాష మాత్రం మనకి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. 1979లో యునెస్కో ఈ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఇటలీలో మొట్టమొదట చేరింది ఇదే.

మిలాన్ వైపు చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట. బ్రెషా నుంచి ఎడోలో వెళ్లే రైలెక్కి కాపో ది పోంటేలో దిగండి. నడి మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, నెత్తి మీద ఎండలో బండ బోసిగా కనిపిస్తుంది, ఏమీ లేదనుకుని వచ్చేస్తారు. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఒక్కో గుంటలో నీడ చేరుతుంది, అప్పుడు జింకలు పైకి లేస్తాయి. రాళ్ల మీద కాలు పెట్టకుండా, నడవడానికి వేసిన దారి మీదే నిలబడి, ముందు మగ్గాల కోసం వెతకండి.