సర్పికి టీకా దొరికింది, దాని చుట్టానికి ఎందుకు దొరకలే?

మా పెద్దమ్మకు పోయినేడు సర్పి లేచింది, నర్సంపేట దగ్గర ఊరు, నడుము కాడ ఎడమ పక్కన వరుసగ పొక్కులు, చీర కుచ్చిళ్లు తాకినా నిప్పు పెట్టినట్టు కేక. ఒకాయన జాజు పూసిండు, ఇంకొకాయన తల తోక కలిస్తే మనిషి దక్కదన్నడు. పామూ లేదు తోకా లేదు, ఒక్క నరం పొంటి వస్తది కాబట్టి మామూలుగ ఒక్క పక్కనే ఆగుతది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తది సూడు, గదే వైరస్ నరాల ముడుల్ల పండుకొని ముసలితనంల లేస్తది. ఇది హెర్పిస్ ఖాందాన్. వీటి పైతొడుగు మీద ప్రోటీన్లు ముండ్ల లెక్క పొడుసుకొని ఉంటయి. సర్పికి వచ్చిన షింగ్రిక్స్ అనే టీకాల వైరసే లేదు, ఆ పైతొడుగుల జీఈ అనే ప్రోటీన్ ఒక్కటే. ఉత్త ప్రోటీన్ ఇస్తే ఒళ్లు అంతగ పట్టించుకోదు, అందుకే రెచ్చగొట్టే మందు కలిపిన్రు, అందుల ఒకటి చిలీ దేశపు చెట్టు బెరడుల దొరికే సాపోనిన్, మన కుంకుడుకాయల నురుగొచ్చేది గూడ ఆ జాతి సరుకే. 50 దాటినోళ్ల ట్రయల్‌ల 97 శాతం పనిచేసింది, అమెరికాల 2017ల పర్మిషన్ వచ్చింది, మన దేశంల 2023ల దిగింది.

మరి ఇదే ఉపాయం ఆ ఖాందాన్‌దే అయిన జననాంగాల హెర్పిస్‌కు పెడితే? దీని వైరస్‌ల రెండు రకాలున్నయి. దాని పైతొడుగు మీది జీడీ అనే ప్రోటీన్‌తో టీకా చేసి 8 వేలకు పైగ ఆడోళ్ల మీద చూసిన్రు, 2012ల రిజల్ట్ వచ్చింది, అసలు టార్గెట్ అయిన రెండో రకం మీద బోల్తా, ఒకటో రకం జననాంగాల జబ్బు మీద మాత్రం 58 శాతం. నాకు అర్థమైనకాడికి తేడా ఏందంటే, సర్పిల ఒంటికి ఆ వైరస్ పాత దొంగే, మొఖం యాదికి చేస్తే సాలు, ఇక్కడనేమో కొత్త దొంగను గడప కాడనే ఆపాలె. పైగ వీడు మామూలోడు కాదు, వీని జీఈ మన యాంటీబాడీనే తోక పట్టి గుంజుతది, జీసీ ఏమో రక్తంల ఉండే కాంప్లిమెంట్ అనే కాపలాను ఆపుతది. గందుకే పెన్సిల్వేనియా యూనివర్సిటీ, బయోఎన్‌టెక్ కలిసి జీసీ, జీడీ, జీఈ మూడింటినీ ఎంఆర్ఎన్ఏ టీకాల (ప్రోటీన్‌ను మన ఒంట్లనే చేయించే రకం) పెట్టి 2022 చివర్ల మనుషుల మీద ట్రయల్ మొదలువెట్టిన్రు. నాకైతే ఇదే అసలు దారి అనిపిస్తుంది.

సర్పి ఒకపారి వచ్చినోళ్లు గూడ తగ్గినంక షింగ్రిక్స్ డాక్టర్‌నడిగి వేసుకోవచ్చు, రెండు డోసులు, నడుమ రెండు నుంచి ఆరు నెలలు. మొదటిది వేయించినంక పెద్దమ్మ రెండు రోజులు జరం, చెయ్యి నొప్పితోని "నీ వీడియోల పిచ్చికి నన్ను బలిచ్చినవురా" అని తిట్టింది, రెండోది బతుకమ్మ అయినంక అన్నది.