ఒరిజినల్స్ ఎవరి బీరువాలో ఉన్నాయి?

(మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పోటీ పరీక్షల పుస్తకం ఒళ్లో తెరిచే ఉంచుకుని వెనక బెంచీల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. కార్డులో నా పేరు కింద ‘నేటి యువత – పఠనాసక్తి’ అని వేశారు. నాలుగు కాగితాలు రాసుకునే వచ్చాను. లోపలికి వస్తూ రీడింగ్ రూములోకి తొంగి చూస్తే ఒక్క కుర్చీ ఖాళీ లేదు. చదవండర్రా అని వీళ్లకు నేనేం చెప్పాలి? ఆ కాగితాలు జేబులోనే ఉండనివ్వండి. సర్కారు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ముచ్చట ఒకటుంది, అది చెప్తాను. అర్హత ఉన్న పిల్లలకు కాలేజీ చదువు ఉచితంగా ఇవ్వాలా, వద్దా?

ఇవ్వాలి. నా జవాబులో దాపరికం లేదు. ఇప్పటికే ఇస్తున్నాం కదా అంటారే, దాని గురించే నా పేచీ.

మన జిల్లావాళ్లకు ఒకప్పుడు కాలేజీ అంటే పట్నమే, హైదరాబాదే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. సీటొచ్చిన పిల్లవాడు పట్నంలో ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి? అదే ఏడు రెడ్డి హాస్టల్ పెట్టారు. దాని వెనక నిలబడ్డ రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మన పాలమూరు మనిషి. ఆ హాస్టల్ బాధ్యతలు చూసిన సురవరం ప్రతాపరెడ్డిగారిది ఇటికాలపాడు, అదీ మన జిల్లానే. కులం పేరుతో హాస్టలేంటని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఫీజు ఒక్కటి మాఫీ చేసినంత మాత్రాన చదువు నడవదని వాళ్లకు వందేళ్ల కిందే ఎరుక.

ఇంకొంచెం ఇటు రండి. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకున్నారు. ఎంచుకున్నాక తిండి, పడక, పుస్తకం అన్నీ సర్కారే చూసుకుంది. అక్కడ చదివి పెద్ద పెద్ద అధికారులైనవాళ్లు మీకు తెలుసు. ఊరికే ఇస్తే విలువుండదని ఇప్పటికీ నాకు చెప్తుంటారు. ఆ మాట ఎక్కువగా వినబడేది మా ఈడువాళ్ల నోటనే. సర్కారు హాస్టల్లో తిని, సర్కారు కాలేజీలో చదివి, సర్కారు పింఛను తీసుకుంటున్నవాళ్లం. మన విలువ ఏం తగ్గిందండీ?

చట్టం సంగతి రెండు మాటల్లో. 1993లో ఉన్నికృష్ణన్ కేసు, అది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మీద పడ్డ కేసే. పద్నాలుగేళ్లు నిండేదాకా చదువు హక్కు, ఆ పైన ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి అని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అని ఒక లెక్క కూడా కట్టింది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం ఆ లెక్క కొట్టేసింది. స్తోమత అన్న మాట మాత్రం పట్టుకుని ప్రభుత్వాలన్నీ కూర్చున్నాయి.

తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చింది. అది చేసిన మేలు నేను కళ్లారా చూశాను. తండాల నుంచి, పుణె, ముంబై వలసబోయిన ఇళ్ల నుంచి ఆడపిల్లలు డిగ్రీ గడప తొక్కారు. కాదనను. కానీ ఆ పేరులోనే ఉంది చూడండి, ముందు ఎవరో భరించాలి, తర్వాత సర్కారు ఇస్తుంది. బీసీ పిల్లకు ఇంజనీరింగ్‌లో పది వేల లోపు ర్యాంకు వస్తే ఫీజు మొత్తం, దాటితే 35 వేలు. కాలేజీ ఫీజు లక్ష దాటితే మిగతాది తండ్రి కట్టాలి. ఆ 35 వేలైనా ఎప్పుడొస్తుంది? మీసేవలో ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు ఈపాస్‌లో దరఖాస్తు, వేలిముద్ర, కాలేజీ వెరిఫికేషన్, సంక్షేమ శాఖ మంజూరు, ట్రెజరీలో బిల్లుకు టోకెన్. ‘టోకెన్ పడింది, పైసలు పడలేదు’ – ఈ మాట వినని తల్లిదండ్రులు ఈ హాల్లో ఉన్నారా?

మా వీధిలో టైలర్ కూతురు. పేరు చెప్పను, కాలేజీ పేరూ చెప్పను. బీకాం మంచి మార్కులతో పాసైంది, పీజీ ఎంట్రన్స్ రాసింది, యూనివర్సిటీలో సీటొచ్చింది. రిపోర్ట్ చేయడానికి టీసీ, ఒరిజినల్ మెమోలు కావాలి. సార్, మీరొకసారి వస్తారా అంటే వెంట వెళ్లాను. ఆఫీసు గదిలో ఇనుప బీరువా. క్లర్కు తలుపు తీశాడు. ఖాకీ కవర్లు, కట్టకొక రబ్బరు బ్యాండు, ప్రతి కవరు మీద హాల్ టికెట్ నంబరు, దాని కింద పెన్సిల్‌తో బాకీ. ఆ అమ్మాయి కవరు మీద మూడేళ్ల బాకీ మూడు వరసల్లో రాసి, కింద గీత గీసి కూడిక వేసి ఉంది. పుస్తెలతాడు కుదువ పెట్టించుకున్న సేటు కూడా ఇంత పద్ధతిగా రాసుకోడు. “మీ గవర్నమెంటు డబ్బు రాలేదమ్మా. ఇప్పుడు కట్టి తీసుకుపో, వచ్చినప్పుడు నీ అకౌంట్లో వేస్తాం.” మర్యాదగానే అన్నాడు. అతనికీ మూణ్నెల్ల జీతం రాలేదట, అదీ చెప్పాడు.

నేను గొంతు పెంచాను, ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను, పాత పరిచయాలు వాడాను. లాభం లేదు. వాళ్లమ్మ మహిళా పొదుపు సంఘంలో కొంత, బయట రెండు రూపాయల మిత్తికి కొంత తెచ్చి కట్టింది. ఉచితంగా చదివిన చదువుకు మిత్తి! ఆ అమ్మాయి పీజీలో చేరింది, చదువుతోంది. మిత్తి కూడా నడుస్తోంది.

ఒక్క నిమిషం. మీలో ఎంతమంది ఒరిజినల్స్ ఇంకా కాలేజీలోనే ఉన్నాయి? సిగ్గుపడకండి, చేతులెత్తండి... చూడండి సార్, అధ్యక్షులవారూ, ఇటు తిరిగి చూడండి. ఆ కిటికీ పక్కన కూడా. సరే, దించండమ్మా.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవద్దని 2018లోనే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, అదే యూజీసీ, కాలేజీలకు చెప్పింది. కాగితం మీద భేషుగ్గా ఉంది. యాజమాన్యాలను అడిగితే సర్కారు బకాయి చూపిస్తారు. అందులో అబద్ధం లేదు. సర్కారును అడిగితే దశలవారీగా ఇస్తామంటారు. ఇద్దరి మధ్యా తాకట్టులో ఉన్నది ఎవరు? బకాయి సర్కారుది, రాబడి కాలేజీది, కాగితం పిల్లది. సంతకం చేయని అప్పుకు ఆ పిల్ల జామీను!

అందుకే నేనడిగేది వేరు. సర్కారు కాలేజీల్లో అర్హత సాధించిన ప్రతి పిల్లకూ ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్ అన్నీ ఉచితంగా ఇవ్వండి. ఆదాయం సర్టిఫికెట్ అడగొద్దు. ధనవంతుల పిల్లలు కూడా తింటారు కదా అంటారు, తిననివ్వండి, వాళ్లు పన్ను కడుతున్నారు. సబ్బు కొన్న కూలి తల్లీ కడుతోంది. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదని మన పిల్లలే బ్యాచులు బ్యాచులుగా పోతున్నారు కదా. మనకు 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో ఇక్కడ పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. వాటికి సరిపడా పర్మనెంటు అధ్యాపకుల్ని ఇవ్వండి. పిల్లలు ప్రైవేటు గేటు దగ్గర ఎందుకు నిలబడతారు? ప్రైవేటులో చదివేవాళ్లకు ఇవ్వదలిస్తే అడ్మిషన్ రోజే కాలేజీకి కట్టండి. కట్టలేకపోతే ఆ బాకీ సర్కారు పేరు మీద రాసుకోండి, పిల్ల కవరు మీద వద్దు.

చీటీ వచ్చింది, టైమైందట. పఠనాసక్తి గురించి నా తర్వాత మాట్లాడే మిత్రులు చక్కగా చెప్తారు. ఇందాక చేతులెత్తినవాళ్లు మాత్రం సభ అయ్యాక వెళ్లిపోవద్దు. బయట వరండాలో బల్ల వేయించమని లైబ్రేరియన్‌గారిని అడిగాను, సరేనన్నారు. పేరు, కాలేజీ, ఏ సంవత్సరం బాకీ ఆగిందో రాసి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది, అందరం కలిసే వెళ్దాం. మెమోల జిరాక్సులు ఉన్నవాళ్లు తెచ్చుకోండి. లేనివాళ్లకు హాల్ టికెట్ నంబరు చాలు.