అది నిద్ర మాత్ర కాదు, అత్తా!

అందరికీ నమస్తే. కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు వంట లేదు, ఈ స్ట్రిప్పు గురించే మాట్లాడతాను. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. పది మొడాఫినిల్ మాత్రలు, పగలు నిద్ర ముంచుకురాకుండా నేను వేసుకునేవి. వెనకాల రేకు మీద నల్ల పెన్నుతో తారీఖులు కనబడుతున్నాయి కదా, అవి నేను రాసుకున్నవే. ఎందుకో తర్వాత చెప్తాను.

మొన్న ఆదివారం మా అక్క కొడుకు వచ్చాడు. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటున్నాడు. ఉగ్గాని తింటూ తింటూ, "చిన్నమ్మా, నీ దగ్గర నిద్ర రాకుండా చేసే మాత్రలున్నాయంట కదా, ఒక నాలుగియ్యి, పరీక్ష అయ్యేదాకా" అన్నాడు. ఇంకో బజ్జీ అడిగినంత తేలిగ్గా అడిగాడు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా.

నాకున్న జబ్బు పేరు నార్కోలెప్సీ, అంటే పగటి పూట కూడా ఆపుకోలేనంత నిద్ర ముంచుకొచ్చే జబ్బు. నేను మార్కెట్ యార్డులో ఒక ఉల్లిగడ్డల మండీలో లెక్కలు రాస్తాను. మందు మొదలుపెట్టక ముందు నా పుస్తకం చూస్తే మీకు నవ్వొస్తుంది. "42 బస్తాలు" అని మొదలైన లైను మెల్లగా కిందికి జారి, అంకెలు కాస్తా పురుగుల్లా మారి, పేజీ అంచు దాటి బల్ల మీదికి పోయేది. రాస్తూనే నిద్రపోయేదాన్ని, నిద్రలోనే రాసేదాన్ని. సేటు మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకోటి, గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలిపోయేవి. మా మేనమామ కూతురి పెళ్లిలో ఎవరో జోకేస్తే భక్షాల పళ్లెంతో సహా కూలబడ్డాను. తెలివి మాత్రం ఉంది, అన్నీ వినబడుతున్నాయి. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఆ తర్వాత ఫిట్స్ అన్నారు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్లి రాత్రంతా వైర్లు పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు పగలు రెండేసి గంటలకోసారి, ఐదుసార్లు కునుకు తీయించి చూశారు. అప్పుడు తేలింది.

ఇది బద్ధకం కాదు. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒరెక్సిన్ అనే రసాయనం తయారుచేసే కణాలుంటాయి. దీన్ని 1998లో కనుక్కున్నారు. మెలకువను మెలకువగా నిలబెట్టేది అదే. నాలాగా నవ్వితే కూలబడేవాళ్లలో ఆ కణాలు చాలామటుకు పోయుంటాయి. సుంకేసుల దగ్గర కేసీ కాలువ గేటు అనుకోండి. గేటు కాపలాదారు లేడు. గేటు ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో దాని ఇష్టం. నేను వేసుకునే మొడాఫినిల్ ఆ గేటు కింద రాయి పెట్టినట్టు. పగటి పూట గేటు పడిపోకుండా, అంటే నిద్ర ముంచుకురాకుండా ఆపుతుంది, అంతే. కాపలాదారును వెనక్కి తీసుకురాదు. మా అక్క కొడుక్కి కాపలాదారు నిక్షేపంగా ఉన్నాడు. వాడికి కావలసింది రాత్రి ఏడు గంటల నిద్ర. చదివింది బుర్రలో కుదురుకునేది ఆ నిద్రలోనే, మాత్ర వేసుకుని మేలుకున్న రాత్రిలో కాదు.

ఇప్పుడు టైం సంగతి. నాకు రాసింది 200 మిల్లీగ్రాములు, పొద్దున ఒక్కసారి. మీకు 100 రాయొచ్చు, మధ్యాహ్నం ఇంకొంచెం రాయొచ్చు, అది మీ డాక్టరు లెక్క. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే పన్నెండు నుంచి పదిహేను గంటలు పడుతుంది. అంటే పొద్దున ఆరున్నరకు వేసుకున్నది రాత్రి అన్నాల వేళకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మా ఇంట్లో అందరూ దీన్ని "నిద్ర మాత్ర" అనేవాళ్లు, నిద్ర జబ్బుకి వేసుకునేది కదా అని. ఒకరోజు మా అత్త, పాపం ప్రేమతోనే, రాత్రి తొమ్మిదికి పాలగ్లాసుతో పాటు ఈ మాత్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను జోగుతూ ఉన్నా, మింగేశాను. ఇక చూడండి, తెల్లారి నాలుగింటి దాకా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. గుండె దడ. మర్నాడు మండీలో మళ్లీ లైను బల్ల మీదికి పోయింది. అప్పటినుంచి ఫ్రిజ్ మీద పెద్దక్షరాలతో రాసి అంటించాం: "మెలకువ మాత్ర, పొద్దున మాత్రమే."

పొద్దున మర్చిపోతే? మధ్యాహ్నం గుర్తొస్తే నేను ఆ రోజుకి వదిలేస్తాను. మర్నాడు రెండు వేసుకోను. నా జబ్బుకి ఇంకో చిక్కుంది. వేసుకున్నానో లేదో కూడా గుర్తుండదు, ఆ మగతలో చేసిన పని బుర్రకెక్కదు. అందుకే రేకు మీద తారీఖులు. ఈరోజు తారీఖు గుంత ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. చిన్న పనే, కానీ డబుల్ డోసు నుంచి నన్ను కాపాడింది ఇదే.

ఇక ఆడవాళ్లు కొంచెం జాగ్రత్తగా వినండి. ఇది ఎవరూ గట్టిగా చెప్పరు, నాకు కూడా మొదట చెప్పలేదు. ఆశా వర్కరు ఇచ్చే మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు వాడుతూ మొడాఫినిల్ వేసుకుంటే, ఆ మాత్రల్లోని హార్మోన్‌ని లివర్ తొందరగా కరిగించేస్తుంది. మాత్ర వేసుకుంటున్నాం కదా అని ధీమాగా ఉంటాం, అది సరిగ్గా పనిచేయదు. మొడాఫినిల్ ఆపేశాక కూడా ఇంకో నెల ఇదే పరిస్థితి. నిరోధ్ వాడండి, లేదా కాపర్-టీ గురించి డాక్టరమ్మతో మాట్లాడండి. పిల్లలు కావాలనుకుంటున్నారా, నెల తప్పాక కాదు, అంతకు ముందే వెళ్లి చెప్పండి. గర్భంలో ఈ మందు బిడ్డకు మంచిది కాదు. నేను గైనిక్ డాక్టర్ దగ్గర నా జబ్బు దాచాను. ఎందుకంటే మా ఆడబిడ్డ పక్కనే ఉంది, సిగ్గు. ఆ సిగ్గు వల్ల రెండు నెలలు భయపడి చచ్చాను. కాబట్టి పక్కన ఎవరుంటే వాళ్లను బయటికి పంపించి అయినా సరే, చెప్పండి.

ఫిట్స్‌కి ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, బీపీ, గుండె జబ్బు, ఇదివరకు మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు, ఇవన్నీ డాక్టరుకి ముందే చెప్పాలి. నేను అన్ని మందుల పేర్లు ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డు వెనకాల పెట్టుకున్నా. పంటి డాక్టరుకైనా అదే చూపిస్తా.

తలనొప్పి, నోరెండటం, ఆకలి తగ్గడం మొదట్లో నాకూ వచ్చాయి. నీళ్లు తాగి, టీ తగ్గించాను. రోజుకి ఆరు టీలు తాగే మండీలో అది ఎంత కష్టమో మీకు తెలియదు! కానీ చర్మం మీద దద్దుర్లు వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మన కర్నూలు ఎండకి చెమటకాయలు అందరికీ వస్తాయి, అవేలే అనుకుంటాం. మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో దద్దుర్లు కనబడితే, ముఖ్యంగా జ్వరం, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం పొక్కులెక్కడం ఉంటే, మాత్ర ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అరుదే, కానీ ప్రాణాల మీదికి వస్తుంది. ఛాతీలో నొప్పి, లేనివి కనబడటం, ఉన్నట్టుండి విపరీతమైన హుషారు, ఇవి వచ్చినా అంతే.

నవ్వితే కూలబడటానికి మొడాఫినిల్ పనిచేయదు. దానికి నాకు వెన్లాఫాక్సిన్ ఇచ్చారు. ఒక ఉగాదికి పుట్టింటికి పోయి దాని స్ట్రిప్పు మర్చిపోయాను. మూడు రోజులు. రెండో రోజు నుంచి మా తమ్ముడు నోరు తెరిస్తే చాలు, నేను కింద. పాత రోజుల కంటే ఎక్కువగా వచ్చింది. అది టక్కున ఆపే మందు కాదట, మెల్లమెల్లగా తగ్గించాలట. ఇప్పుడు సంచిలో విడిగా ఐదు రోజుల మాత్రలుంటాయి. బండి డిక్కీలో మాత్రం పెట్టను, రోహిణి కార్తెలో డిక్కీలో మందులు పెడితే ఉడికిపోతాయి.

బండి అంటే గుర్తొచ్చింది. మాత్ర వేసుకున్నాం కదా అని అనంతపురం హైవే ఎక్కకండి. ఒంటికి అది ఎంతవరకు పనిచేస్తుందో డాక్టరు చూసి సరేననేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు. నేనైతే ఇప్పటికీ ఆటోలోనే.

మా అక్క కొడుకు అలిగాడు. "ఆన్‌లైన్లో దొరుకుతాయిలే" అన్నాడు. "ఒరేయ్ నాయనా, రోజూ దీని మీద బతికే నేనే మధ్యాహ్నం పావుగంట పడుకోకపోతే నిలబడలేను, నీకెందుకురా" అని, టైం చూసి, చాప పరిచి వాడి ముందే పడుకున్నా. లేచేసరికి వాడు కూడా సోఫాలో గురక పెడుతున్నాడు, చేతిలో రీజనింగ్ పుస్తకంతో. లేపలేదు.

ఇప్పుడు టైం ఒంటిగంట పది. నాకు అలారం మోగుతోంది. పడుకుంటున్నా, కెమెరా ఆపెయ్ రా.