నడిచే దారి ఏది?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో కువైట్ వెళ్లొచ్చిన అమ్మలు, అక్కలు చాలామంది ఉన్నారు. కడప, రాయచోటి వైపు ఆ దేశం పేరు వినని ఇల్లు ఉండదు. అక్కడి వంటిళ్లలో మీరు పెద్ద పెద్ద పళ్లేల్లో మచ్‌బూస్, అంటే మసాలా మాంసం అన్నం, వడ్డించారు, ఆ పిల్లలను ఎత్తుకు పెంచారు. అందుకే ఈ విషయం మీ ముందే మాట్లాడాలనుకున్నాను.

కువైట్‌లో పెద్దవాళ్లలో నూటికి సుమారు 40 మందికి ఊబకాయం ఉంది. ఈ మాట చెప్పగానే "డబ్బున్న ఒళ్లు, తిని కూర్చుంటారు" అనేస్తాం. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. వాళ్ల తాతలు సముద్రంలో మునిగి ముత్యాలు ఏరినవాళ్లు. చేపలు, ఖర్జూరాలు, మన దేశం నుంచి పడవల్లో వెళ్లిన బియ్యం, అదే వాళ్ల తిండి. 1938లో చమురు దొరికింది, 1946లో ఎగుమతి మొదలైంది. ఒక్క తరంలోనే బతుకంతా కారులోకి, ఏసీలోకి మారిపోయింది. ఊళ్లను కూడా కార్ల కోసమే కట్టారు. 2016 జులైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. అంత ఎండలో, నీడ లేని రోడ్డు మీద ఎవరు నడుస్తారు?

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిచినా చాలు అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ సంస్థ పరిశోధకులు 2018లో వెలువరించిన లెక్క ప్రకారం అంతమాత్రం కూడా కదలనివాళ్లు కువైట్‌లో నూటికి 67 మంది, సౌదీలో 53 మంది. ఉగాండాలో ఆరుగురు కూడా లేరు.

ఇందులో ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. అరబ్ దేశాల్లో చాలాచోట్ల మగవాళ్లకన్నా వాళ్లలోనే ఊబకాయం ఎక్కువ. సౌదీ ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆటల పీరియడ్ 2017లో గానీ రాలేదు. ఆడవాళ్ల జిమ్‌లకు లైసెన్సులు ఇవ్వడం మొదలైందీ ఆ ఏడాదే. బడిలో ఒక్కసారి కూడా పరుగెత్తకుండా పెరిగిన పిల్లలు ఇప్పుడు తల్లులయ్యారు. వాళ్లకు మోకాళ్ల నొప్పులు, షుగర్ వస్తే తప్పు వాళ్లదే అంటామా?

చమురు సొమ్ము లేని ఈజిప్టు కథ ఇంకోలా ఉంటుంది. అక్కడ రొట్టెను "ఐష్" అంటారు, అంటే బతుకు. 1977లో ధరలు పెంచబోతే జనం వీధుల్లోకి వచ్చారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1980ల చివరి నుంచి 2024 దాకా ప్రభుత్వం చవగ్గా ఇచ్చే రొట్టె 5 పియాస్టర్లే, అంటే ఈజిప్టు పౌండులో ఇరవయ్యో వంతు. పంచదార, నూనె కూడా రేషన్‌లోనే. పేదల కడుపు నిండింది, అది చిన్న మేలు కాదు. కానీ కూరగాయలకు, గుడ్లకు, పాలకు ఆ సాయం అంతగా అందలేదు. కడుపు నిండా తిన్నా రక్తం పట్టని, ఒళ్లు మాత్రం పెరిగిన తల్లులు అక్కడ ఎందరో.

దుబాయ్ 2013లో తగ్గిన ప్రతి కిలోకు ఒక గ్రాము బంగారం ఇచ్చింది. నాకు అది పెద్దగా నచ్చలేదు, బంగారం అందుకున్నాక ఆ బరువు మళ్లీ వస్తే ఎవరు చూస్తారు? సౌదీ 2017లో కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేయడం నచ్చింది. బడిలో ఆటల పీరియడ్ ఇంకా నచ్చింది.

ఇంకొక్క మాట. ఆ ఇళ్లలో ఊడ్చింది, తుడిచింది, మెట్లెక్కి దిగింది మీరు. కదిలిన ఒళ్లు మీది. ఆ పిల్లలు రోజూ ఏం తినేవారో, ఎంతసేపు బయట ఆడేవారో నాకన్నా మీరే దగ్గర నుంచి చూశారు. ముందు వరసలో కూర్చున్న అక్కా, మైకు తీసుకోండి, ఆ సంగతి మీరు చెప్పండి.